తెలుగు క్రైస్తవ సంఘాల్లో తెరవెనుక పరిచర్య: విలువ, గుర్తింపు, బాధ్యత

వ్యాససంగ్రహం

క్రైస్తవ సంఘజీవితంలో ప్రసంగం, సంగీతం, నాయకత్వం వంటి కనిపించే సేవలకు దక్కే గుర్తింపు వాటిని నిలబెట్టే కనిపించని సేవలకు దక్కదు. అటువంటి సేవ విలువను మూడు ఆధారాలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మొదటిది ‘పరిచర్య’ అనే పదం, దాని అర్థపరిణామం. రెండవది కొత్త నిబంధనలో తెరవెనుక వ్యక్తుల ప్రస్తావన. మూడవది తెలుగు నేల మీద క్రైస్తవ సంఘాలు ఏర్పడిన చరిత్ర. గుప్తంగా సేవించడం సేవకుని సద్గుణమైతే, ఆ సేవను గుర్తుంచుకొని నమోదు చేయడం సంఘం బాధ్యత అనీ, మొదటిదాన్ని సాకుగా చూపి రెండవదాన్ని విస్మరించడం అన్యాయమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పరిచర్య, గుప్తసేవ, తెలుగు క్రైస్తవ సంఘం, బైబిలు స్త్రీలు, ఒంగోలు మిషను, వెట్టి, సంఘచరిత్ర.

1. ప్రవేశిక

ఆదివారం ఉదయం ఆరాధన మొదలయ్యే వేళకు మందిరంలో చాపలు పరచి ఉంటాయి. మైకు పనిచేస్తూ ఉంటుంది. ప్రభువు బల్ల మీద ఉతికిన తెల్లని గుడ్డ, దాని కింద రొట్టె, ద్రాక్షారసం సిద్ధంగా ఉంటాయి. వచ్చినవారి దృష్టి కాపరి ప్రసంగం మీద, గాయకబృందం పాట మీద నిలుస్తుంది. చాపలు ఎవరు పరిచారు, గుడ్డ ఎవరు ఉతికారు అన్న ప్రశ్న సాధారణంగా ఎవరికీ రాదు. పని సవ్యంగా సాగినంతకాలం పనిచేసిన మనిషి కనిపించకపోవడం ఈ సేవల స్వభావం. ఏదైనా లోపం జరిగిన రోజే ఆ మనిషి అందరికీ గుర్తుకు వస్తాడు.

ఇటువంటి సేవను మెచ్చుకోవడం తెలుగు క్రైస్తవ ప్రసంగాల్లో కొత్త విషయం కాదు. అయితే ఆ మెప్పు తరచుగా ఒకే ఉపదేశంతో ముగుస్తుంది: మనుషుల గుర్తింపును ఆశించవద్దు, దేవుడు చూస్తున్నాడు. ఈ ఉపదేశానికి గ్రంథాధారం ఉంది. కాని ఇది సేవ చేసేవారికి చెప్పే మాట. ఆ సేవను అందుకొనే సంఘానికి ఏ బాధ్యత ఉందన్న ప్రశ్నను ఇది తాకదు. ఆ ప్రశ్నను ముందుంచుకొని పదచరిత్రనూ, గ్రంథాన్నీ, తెలుగు సంఘాల చరిత్రనూ పరిశీలించడం అవసరం.

2. ‘పరిచర్య’: పదం, అర్థసంకోచం

తెలుగు క్రైస్తవుల వాడుకలో ‘పరిచర్య’ అత్యంత ప్రచారంలో ఉన్న పదాల్లో ఒకటి. సంస్కృతంలో ‘పరి’ అనే ఉపసర్గకు చుట్టూ అనీ, ‘చర్’ ధాతువుకు సంచరించడం అనీ అర్థం. ఒకరి చుట్టూ తిరుగుతూ వారి అవసరాలు కనిపెట్టి తీర్చడం, శుశ్రూష చేయడం దీని మూలార్థం. గురువుకు, అతిథికి, రోగికి చేసే సేవను తెలుగు సాహిత్యం ఈ మాటతోనే పేర్కొంది. గ్రీకు మూలంలోని ‘దియకోనియా’ అనే పదానికి కూడా భోజనపు బల్ల వద్ద వడ్డించడం వంటి ఇంటిపనితో గాఢమైన సంబంధం ఉంది. బైబిలు అనువాదకులు దీనికి ‘పరిచర్య’ను ఎన్నుకోవడం ఎంతో ఉచితంగా ఉంది.

అపొస్తలుల కార్యముల గ్రంథం 6వ అధ్యాయం ఇక్కడ కీలకం. యెరూషలేము సంఘంలో ప్రతిరోజూ జరిగే ఆహార పంపకంలో గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టింది. అపొస్తలులు సంఘాన్ని సమావేశపరచి, ఆ పనికోసం ఏడుగురిని ఎన్నుకోమన్నారు. తాము ప్రార్థనకూ వాక్యానికీ అంకితమవుతామన్నారు. ఈ సందర్భంలో ఆహారం పంచే పనికీ, వాక్యం బోధించే పనికీ మూలం ఒకే పదాన్ని వాడింది. తెలుగు అనువాదం కూడా రెండు చోట్లా ‘పరిచర్య’నే నిలుపుకుంది. రెంటి మధ్య పనివిభజన ఉందే గాని, పదంలో హెచ్చుతగ్గులు లేవు.

ఇంకొక విషయం గమనించదగింది. ఆ ఏడుగురిలో స్తెఫను, ఫిలిప్పు తరువాతి అధ్యాయాల్లో గొప్ప బోధకులుగా కనిపిస్తారు. వడ్డించే చేతులకూ బోధించే నోటికీ మధ్య దాటరాని గోడ లేదని ఆ కథనమే చూపుతోంది.

నేటి వాడుకలో ఈ పదం అర్థసంకోచానికి లోనైంది. ‘ఆయన పరిచర్యలో ఉన్నారు’ అంటే ప్రసంగికుడనీ, ‘పరిచర్యకు పిలుపు’ అంటే వేదిక మీది బోధకు పిలుపు అనీ చాలామంది అర్థం చేసుకుంటున్నారు. వంట చేసేవారి పని ‘సహాయం’గా, ఊడ్చేవారి పని ‘పని’గా మిగిలిపోయాయి. పదం సంకోచించడంతో గౌరవం కూడా సంకోచించింది.

3. కొత్త నిబంధనలో తెరవెనుక వ్యక్తులు

3.1 రోమీయులకు రాసిన పత్రిక ముగింపు

సిద్ధాంతచర్చలో అత్యంత లోతైనదిగా పేరొందిన రోమీయుల పత్రిక చివరి అధ్యాయం దాదాపుగా పేర్ల జాబితా. పౌలు అందులో ఇరవైమందికి పైగా వ్యక్తులను పేరుపేరునా పలకరించాడు. మొదటి పేరు ఫీబేది. ఆమె కెంక్రేయలోని సంఘానికి పరిచారకురాలు. అనేకులకు, పౌలుకు కూడా అండగా నిలిచిన వ్యక్తి. ఆ పత్రికను రోమాకు చేర్చింది ఆమేనని పండితులు భావిస్తారు. మరియ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు అనే స్త్రీలు ప్రయాసపడ్డారని పౌలు పేర్కొన్నాడు. వారు ప్రత్యేకంగా ఏం చేశారో చెప్పలేదు. ప్రయాసపడ్డారన్న సంగతే నమోదుకు చాలునని ఆయన భావించినట్లుంది. ఆ జాబితాలోని కొన్ని పేర్లు ఆనాటి రోమా నగరంలో బానిసలకూ, విడుదల పొందిన బానిసలకూ సాధారణంగా ఉండేవని పరిశోధకులు గుర్తించారు.

అదే అధ్యాయంలో ఒక్క వాక్యం పౌలుది కాని గొంతుతో వినిపిస్తుంది. పత్రికను చేతితో రాసిన తెర్తియు తన పేరుతో పాఠకులకు వందనం చెప్పాడు. లేఖకుడు తన పేరు చెప్పుకోవడం గర్వమని పౌలు ఆ వాక్యాన్ని కొట్టివేయించలేదు. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఆ పత్రిక వెనుక మరొక మనిషి శ్రమ ఉందన్న సంగతి నేటి పాఠకునికి తెలిసేది కాదు.

3.2 దొర్కా, బేతనియలోని స్త్రీ

యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ ఆమె తమకు కుట్టి ఇచ్చిన అంగీలను, వస్త్రాలను పేతురుకు చూపించారు. ఆమె ప్రసంగాలేవీ గ్రంథంలో లేవు. ఆమె సేవకు సాక్ష్యం ఆ బట్టలు, వాటిని తొడుక్కున్నవారి కన్నీళ్ళు. సేవ పొందినవారు నోరు విప్పి చెప్పడం వల్లనే ఆమె చరిత్రకెక్కింది.

బేతనియలో యేసు తలమీద అత్తరు పోసిన స్త్రీ విషయం మరింత ఆలోచింపజేస్తుంది. సువార్త ప్రకటితమయ్యే ప్రతి చోటా ఆమె చేసిన పనిని చెప్పుకుంటారని యేసు అన్నట్లు మార్కు 14వ అధ్యాయంలో ఉంది. అయితే ఆ వాగ్దానాన్ని నమోదు చేసిన మార్కు ఆమె పేరు రాయలేదు. ఇటువంటి సంఘటననే చెబుతూ యోహాను సువార్త మరియ అనే పేరును ఇచ్చింది. క్రియను స్మరిస్తూ కర్త పేరును జారవిడవడం ఎంత సులభమో ఈ రెండు కథనాలను పక్కపక్కన ఉంచి చదివితే తెలుస్తుంది.

4. తెలుగు నేల మీద: చరిత్రలో కనిపించేవారు, కనిపించనివారు

4.1 అనువాదం వెనుక

లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి బైబిలు అనువాదానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. వారి కృషి ఫలితంగా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో తెలుగులో అచ్చయ్యాయి. ఈ అనువాదంలో వారికి తోడ్పడినవారు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. భాష నేర్చుకుంటున్న విదేశీయులకు వాక్యనిర్మాణమూ, పదౌచిత్యమూ తెలిసిన తోడు లేకుండా తెలుగు సువార్త రావడం ఊహించలేం. అయినా సాధారణ పాఠకునికి అనువాదకులుగా పరిచయమైనవి మిషనరీల పేర్లే. ఆనందరాయరు తెలుగు బైబిలుకు తెర్తియు వంటివారు. పేరు దక్కింది గాని, ఆ పేరును గుర్తుంచుకున్నవారు తక్కువ.

4.2 ఒంగోలు ప్రార్థన కొండ

అమెరికన్ బాప్టిస్టు మిషను నెల్లూరులో 1840 నుండి పనిచేసింది. ఫలితాలు స్వల్పంగా ఉండటంతో దాన్ని మూసివేయాలా అన్న చర్చ 1853లో అమెరికాలో జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జువెట్ ఒంగోలులోని కొండ ఎక్కి ప్రార్థించారు. ఆ స్థలం నేటికీ ప్రార్థన కొండగా ప్రసిద్ధం. ఈ సంఘటనను చాలామంది జువెట్ ప్రార్థనగా చెప్పుకుంటారు. నిజానికి ఆనాడు కొండ మీద ఐదుగురున్నారు: జువెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. వారిలో ముగ్గురు తెలుగువారు, ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు. ఐదుగురూ ప్రార్థించారు. వీరిలో జూలియా తరువాతి కాలంలో నెల్లూరు జూలియాగా పేరుపొంది బైబిలు స్త్రీగా సేవ చేశారు. రూతు గురించి సంఘస్మృతిలో మిగిలింది దాదాపుగా ఆ ఒక్క ఉదయమే.

4.3 గుండ్లకమ్మ ఒడ్డున

జాన్ క్లఫ్ 1866లో ఒంగోలు వచ్చారు. ఆయన రాకకు ముందే తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు తన బంధువుల మధ్య, తోటివారి మధ్య తనకు తెలిసిన సువార్తను చెబుతూ ఉన్నారు. 1867 ఆరంభంలో క్లఫ్ ఆ ఊరికి వెళ్ళినప్పుడు 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒక్క పర్యటనలో పండినట్లు కనిపించే పంటకు దుక్కి దున్నింది పేరయ్య, ఆయన భార్య నాగమ్మ వంటివారు.

1876-78 మధ్య వచ్చిన కరువులో క్లఫ్ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి కల్పించారు. పని దగ్గర మేస్త్రీలుగా నిలబడి కూలీల బాగోగులు చూసింది తెలుగు ప్రసంగికులు. కరువు తగ్గాక 1878 జులై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషను చరిత్రలో ఈ సంఖ్య క్లఫ్ పేరుతో ముడిపడిపోయింది. ఆ రోజు క్లఫ్ ఒక్కరికి కూడా స్వయంగా బాప్తిస్మం ఇవ్వలేదు. అభిషిక్తులైన ఆరుగురు తెలుగు ప్రసంగికులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలబడి ఆ పని పూర్తిచేశారు. ఈ సంగతిని దాచకుండా చెప్పింది క్లఫే. అయినా సంఖ్య గుర్తున్న పాఠకుల్లో ఆ ఆరుగురి పేర్లు చెప్పగలవారు అరుదు.

4.4 బైబిలు స్త్రీలు

పంతొమ్మిదవ శతాబ్దంలోనూ, ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలోనూ మిషనుల పనికి ఆధారంగా నిలిచినవారు బైబిలు స్త్రీలు. పరాయి పురుషులు అడుగుపెట్టలేని ఇళ్ళలోకి వీరు వెళ్ళగలిగారు. గోషాలో ఉన్న స్త్రీలకు కథలు చెప్పారు, అక్షరాలు దిద్దించారు, కుట్టుపని నేర్పారు, ప్రసవాల వేళ తోడున్నారు. వీరిలో చాలామంది విధవరాండ్రు. స్వల్పమైన జీతంతో మైళ్ళకొద్దీ నడిచి ఊళ్ళు తిరిగారు. స్త్రీల అక్షరాస్యత అత్యల్పంగా ఉన్న కాలంలో వీరు చదువుకున్న స్త్రీలుగా ఊరి కళ్ళకు కనిపించడమే ఒక సామాజిక పరిణామం.

మిషను వార్షిక నివేదికల్లో వీరు ఎక్కువగా సంఖ్యలుగా నమోదయ్యారు. గుంటూరులో 1883లో సేవ మొదలుపెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ పేరు నేటికీ అక్కడి ఆసుపత్రికి ఉంది. అది సముచితమే. అటువంటి ఆసుపత్రుల్లో రోగుల పక్కన కూర్చున్న తెలుగు స్త్రీలలో ఎంతమంది పేర్లు ఏ గోడమీదనైనా ఉన్నాయన్నది మాత్రం అడగవలసిన ప్రశ్న.

5. నేటి పల్లె సంఘంలో తెరవెనుక సేవ

నేటి తెలుగు పల్లె సంఘంలో ఈ సేవ నాలుగు రూపాల్లో కనిపిస్తుంది.

అ) ఆరాధన ఏర్పాట్లు: మందిరం ఊడ్వడం, చాపలు పరచడం, గంట కొట్టడం, మైకుసెట్టు సరిచూడటం, ప్రభువు బల్ల సిద్ధం చేసి ముగిశాక గిన్నెలు కడగడం.

ఆ) పోషణ: చాలా పల్లె సంఘాల్లో స్త్రీలు అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేసి, వాటిని మందిరానికి తెచ్చే ఆచారం ఉంది. కాపరి కుటుంబం తిన్నదీ, పేదలకు పెట్టిందీ ఆ గుప్పెళ్ళ నుండే. ఎవరి కుండ నుండి ఎంత వచ్చిందో ఎవరూ కొలవరు. ఇచ్చిన గుప్పెడు తమ ఇంటి పళ్ళెంలో తగ్గిందన్నది ఇచ్చినవారికి తెలుసు.

ఇ) ఆపదలో తోడు: చావు ఇంటికి అన్నం వండి పంపడం, సమాధి తవ్వడం, ఆసుపత్రిలో రాత్రంతా రోగి పక్కన ఉండటం. ఈ పనులకు ముందస్తు ప్రకటన ఉండదు, తరువాత కృతజ్ఞతాసభ ఉండదు.

ఈ) లెక్కలు, రికార్డులు: కానుకలు లెక్కించడం, బాప్తిస్మం, వివాహం, మరణం వివరాలను రిజిస్టర్లలో రాయడం. ఇది కనిపించని సేవే అయినా రహస్యంగా ఉండకూడని సేవ. కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో పౌలు, పెద్ద చందా మొత్తాన్ని చేరవేసే పనిలో ఎవరూ వేలెత్తి చూపకుండా విశ్వసనీయులను వెంట పంపుతున్నట్లు చెప్పాడు. పనిచేసేవారు తెరవెనుక ఉండవచ్చు, లెక్క మాత్రం అందరి ముందూ ఉండాలి.

ఈ నాలుగింటిలో ఒక్కటి ఆగినా వేదిక మీది పరిచర్య సాగదు. శరీరంలో బలహీనంగా కనిపించే అవయవాలే మరింత అవసరమైనవని పౌలు చెప్పిన పోలిక ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

6. దాగి ఉండటం, దాచివేయడం

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు, ధర్మం చేసేటప్పుడు కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియనంత గుప్తంగా చేయమన్నాడు. తెరవెనుక సేవకు ఇది మూలవాక్యం. ఈ ఆజ్ఞ ఎవరికి ఇచ్చాడన్నది గమనించాలి. ఇవ్వగలిగి, ఇచ్చి, ఇచ్చినట్లు చాటుకొనే అవకాశం ఉన్నవారికి ఇచ్చాడు. కనిపించే అవకాశం ఉండి కూడా కనిపించకుండా ఉండటానికి ఇష్టపడినప్పుడే గుప్తత్వం సద్గుణమవుతుంది. ఆ అవకాశమే లేనివారి మరుగు సద్గుణం అనిపించుకోదు, అది వారికి జరిగిన లోపం.

ఈ భేదాన్ని చెప్పడానికి తెలుగులోనే చక్కని మాటలున్నాయి. సేవ, పరిచర్య ఒకవైపు; చాకిరి, ఊడిగం, వెట్టి మరొకవైపు. చేతులు చేసే పని రెండు చోట్లా ఒకటే కావచ్చు. ఇష్టం, గౌరవం, వద్దనగల స్వేచ్ఛ వీటిని వేరుచేస్తాయి. తెలుగు క్రైస్తవ సంఘాల్లో అధికభాగం మాల, మాదిగ కుటుంబాల నుండి ఏర్పడినవి. తరతరాలు పేరులేని పనిని బలవంతంగా చేసినవారు వారు. ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవులైన మాదిగలు జాతరల్లో డప్పు కొట్టడానికి నిరాకరించి ఊరి పెద్దల ఆగ్రహానికి గురయ్యారు. వారికి విశ్వాసం ఇచ్చిన మొదటి ఫలాల్లో ఒకటి వద్దనగలగడం. అటువంటి చరిత్ర ఉన్న సంఘంలో గుప్తసేవను గురించి బోధించేటప్పుడు జాగ్రత్త అవసరం. ప్రతి వారమూ అవే చేతులు ఊడుస్తూ, అవే నోళ్ళు ప్రసంగిస్తూ ఉంటే, దానికి వినయం అనే పేరు పెట్టడం సరికాదు. స్త్రీల విషయంలో ఇది మరింత వర్తిస్తుంది. వంటపాత్రల దగ్గర వారిని తప్పనిసరిగా భావించే సంఘం, నిర్ణయాలు తీసుకొనే కమిటీలో వారిని ఎంతమేరకు తప్పనిసరిగా భావిస్తోందో చూసుకోవాలి.

దావీదు జీవితంలోని ఒక ఘట్టం దీనికి ఆచరణరూపం చూపుతుంది. అమాలేకీయులను తరుముతూ వెళ్ళినప్పుడు అలసిపోయిన 200 మంది బెసోరు వాగు దగ్గర సామాను కాస్తూ ఆగిపోయారు. తిరిగివచ్చిన 400 మందిలో కొందరు వారికి దోపుడుసొమ్ములో వాటా ఇవ్వమన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి వెళ్ళినవారికీ, సామాను దగ్గర ఉన్నవారికీ వాటా సమానమని తీర్పు చెప్పాడు. అది ఇశ్రాయేలులో కట్టడగా నిలిచిపోయిందని సమూయేలు మొదటి గ్రంథం చెబుతోంది. ఆగిపోయినవారిని ఆయన మాటలతో మెచ్చుకొని ఊరుకోలేదు, వారి వాటాను వారి చేతికిచ్చాడు. గంట కొట్టే వ్యక్తికి, కాపలా ఉండే వ్యక్తికి న్యాయమైన జీతం ఇవ్వకుండా వారి నమ్మకత్వాన్ని ప్రసంగంలో పొగిడే సంఘాలకు ఈ తీర్పు ఒక అద్దం.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. అందరి పేర్లూ చదివి సన్మానాలు మొదలుపెడితే సేవ ప్రదర్శనగా మారదా? మారే ప్రమాదం నిజంగానే ఉంది. శాలువాలు, ఫ్లెక్సీలు సేవను పోటీగా మార్చగలవు. అయితే సన్మానం వేరు, స్మరణ వేరు. రోమీయుల పత్రికలో పౌలు చేసింది స్మరణ. ఎవరికీ బిరుదులివ్వలేదు, ఎవరినీ వేదిక ఎక్కించలేదు. పేరు చెప్పి, ప్రయాసపడ్డారని ఒక్క మాట రాశాడు. సంఘం చేయవలసింది అంతే.

7. ముగింపు

పై చర్చ నుండి తేలిన అంశాలివి.

1. ‘పరిచర్య’ అనే పదం మూలంలో ఆహారం పంచే పనినీ, వాక్యబోధనూ సమంగా సూచించింది. నేటి వాడుకలో అది వేదికకు పరిమితమవుతోంది. పూర్వపు విస్తృతిని తిరిగి గుర్తుచేయడం బోధకుల పని.

2. కొత్త నిబంధన గుప్తసేవను ప్రశంసిస్తూనే సేవకుల పేర్లను భద్రపరచింది. ఈ రెండింటి మధ్య వైరుధ్యం లేదు. మొదటిది సేవకుని ధర్మం, రెండవది సంఘధర్మం.

3. తెలుగు క్రైస్తవ చరిత్రలో మిషనరీల పేర్లతో ప్రసిద్ధమైన ఘట్టాల వెనుక ఆనందరాయరు, జూలియా, రూతు, పేరయ్య, నాగమ్మ, గుండ్లకమ్మలో నిలబడిన ఆరుగురు వంటివారి శ్రమ ఉంది.

4. వెట్టి అనుభవం ఉన్న సమాజాల్లో గుప్తసేవను బోధించేటప్పుడు పనుల పంపకంలో, జీతాల్లో, నిర్ణయాధికారంలో న్యాయాన్ని కూడా బోధించాలి.

తెలుగు ప్రాంతంలోని పాత సంఘాలు వార్షికోత్సవాలు జరుపుకుంటూ చరిత్ర సంచికలు వెలువరిస్తున్నాయి. వాటిలో కాపరుల వరుస, కట్టడాల తేదీలు తప్పక ఉంటాయి. వాటికి ఒక పుట చేర్చడం పెద్ద పని కాదు: ఇన్నేళ్ళు గంట కొట్టినవారు, మందిరం ఊడ్చినవారు, ఆదివార పాఠశాల పిల్లలకు పాటలు నేర్పినవారు, చావు ఇళ్ళకు వండి పంపినవారు. వారిని ఎరిగిన వృద్ధులు జీవించి ఉన్న కాలంలోనే ఆ పుటను రాయగలం. వారు కూడా వెళ్ళిపోయాక, దొర్కా కుట్టిన బట్టలను ఎత్తి చూపడానికి ఎవరూ మిగలరు.